గోడ అవతలి అత్త

పోయిన వారం ఆండర్సన్‌పేటలో ఆటో ఎక్కాను. డ్రైవరు నడివయసు మనిషి. అద్దం పక్కన సెల్‌ఫోను తగిలించుకుని ఏదో పాత అరవ సినిమా పెట్టుకున్నాడు. బొమ్మ వైపు చూడడం లేదు, వింటున్నాడంతే. మలుపు తిరుగుతుండగా ఆ సినిమాలో అమ్మాయి "అత్తాన్!" అని గొంతెత్తి పిలిచింది. నాకు నవ్వు ఆగలేదు.

"ఏం సామీ, మీలో మీరే నవ్వుతా ఉండారు?" అన్నాడు.

"ఆ పిల్ల అత్తను పిలుస్తా ఉందప్పా."

"అత్త కాదు సామీ, అత్తాన్. అంటే బావ, మొగుడు. మీకు అరవం రాదా?"

"ఈ పేటలో పుట్టి అరవం రాకుండా ఉంటుందా? ఇక్కడ ఏడు టాకీసులు ఉన్న కాలంలో ప్రతి సినిమా మొదటి ఆట, మొదటి వరసలో కూర్చుని చూసినవాణ్ణి నేను."

"ఏడా? మా నాయన మూడే అనేవాడే."

ఆయన మాటే నిజం, మూడే. అందులో ఒకటి డేరా. కాదనేవాళ్ళు ఒక్కొక్కరే పోతూ ఉంటే నా లెక్క కూడా ఒక్కొక్కటే పెరుగుతూ వచ్చింది. మొదటి వరస సంగతి కూడా అబద్ధమే. మాకు వరసలు లేవు. మాకున్నది ఒక గోడ.

ఆ గోడ సంగతి చెప్పాలంటే ముందు పేట సంగతి చెప్పాలి. కుదురుగా కూర్చోవడం తెలియని పేట అది. కన్నడ దేశపు ఈ బంగారు గనుల్లో పని కోసం చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ, అరవ దేశం నుంచీ వచ్చినవాళ్ళు మొదట గుడిసెలు వేసుకున్నారు, తర్వాత అంగళ్ళు పెట్టుకున్నారు, కడుపు నిండాక వినోదం వెతుక్కున్నారు. మా తాత తరానికి తోలుబొమ్మలూ వీధి నాటకాలూ. మా నాయన తరానికి హార్మోనియం నాటకాలూ కుస్తీ గోదా. నా తరం వచ్చేసరికి టాకీసులు. గనిలో మూడు పాళీలు, అంటే షిఫ్టులు. పాళీ మారిన ప్రతిసారీ సంగు కూసేది. సైరన్ అంటే మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, అది సంగే. ఏ వేళ చూసినా పేటలో మూడో వంతు భూమి కింద ఉండేది, మూడో వంతు నిద్రపోయేది, మిగిలిన మూడో వంతు తలంటుకుని, నూనె రాసుకుని, వీధిలో పడి ఎక్కడ ఏం ఆడుతోందా అని తిరిగేది. అందుకే మా ఊళ్ళో పొద్దున పదికే బొమ్మ పడేది. రాత్రి పాళీ దిగినవాళ్ళు ఇంటికి పోయి పడుకోకుండా బెంచీల మీద కూర్చుని ఈలలు వేసేవాళ్ళు.

ఆ వీధి వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. ఉడికించిన వేరుశెనక్కాయలు, మల్లెపూలు, బీడీ పొగ, మాటిమాటికీ మరిగిన నూనెలో వేగే మిరపకాయ బజ్జీలు. దొరల క్లబ్బులో వాయించే బ్యాండువాళ్ళు సాయంత్రం మా పెళ్ళి ఊరేగింపుల్లో సినిమా పాటలు వాయించేవాళ్ళు, అదే కోటు, అవే గుండీలు. ఒక్కోసారి గనిలోపల బండ పగిలితే పైన నేల ఊగేది. ఇళ్ళలో గిన్నెలు గలగలమనేవి. టాకీసులో ఆపరేటరు బొమ్మ ఆపేసేవాడు. హాలంతా ఊపిరి బిగబట్టి సంగు కోసం చెవులు పెట్టేది. వేళ కాని వేళ సంగు కూస్తే ఏదో ఒక ఇంట్లో ఏడుపు ఖాయం. కూయకపోతే మళ్ళీ ఈలలు, మళ్ళీ బొమ్మ.

మా నాయన గనిలో టైం ఆఫీసు గుమాస్తా. సినిమా అంటే ఆయనకు పడదు. కానీ అద్దె తక్కువని తీసుకున్న ఇల్లు సరిగ్గా టాకీసు వెనకే. తెర వెనక గోడే మా పెరటి గోడ. బొమ్మ అటువైపు వాళ్ళది, శబ్దం ఇటువైపు మాది. ఒక్కో సినిమాను రోజుకు మూడుసార్లు, వారాల తరబడి వినేవాళ్ళం. కత్తియుద్ధాలు, ఏడుపులు, పాటలు, అన్నీ నోటికి వచ్చేవి. చూడ్డం మాత్రం లేదు. బడిలో నేను చెప్పే కథలన్నీ చూసినట్టు చెప్పినవే. గోడ మీద అంటించిన పోస్టరు ఒకటి చూసి, గోడ అవతలి గొంతులు విని, మిగతాది నేనే కల్పించేవాణ్ణి. ఈ ఒప్పుకోలు ఎన్నేళ్ళ తర్వాతో చేస్తున్నాను. పెంచి చెప్పడంలో నా చదువు అక్కడే అయింది.

నాకు ఎనిమిదేళ్ళున్నప్పుడు, వేసవిలో, మా అవ్వ వచ్చింది. నాయనమ్మ. శ్రీనివాసపురం పక్కన పల్లె. తాత పోయాడు, మామిడి తోట గుత్తకు ఇచ్చేశారు, ఇక ఒక్కతే ఎందుకని మా నాయన వెళ్ళి తీసుకొచ్చాడు. ఒక రేకు పెట్టె, ఒక ఆవకాయ జాడీ, పొలం పనికి కాయలు కాసిన రెండు చేతులు. ఆమెకు తెలుగు తప్ప మరో మాట రాదు. కన్నడమైనా అవును, కాదు వరకే.

మూడో రోజున ఆవకాయకు బూజు పట్టింది.

"ఎవురో తడి గరిటె పెట్టినారు," అంది అవ్వ, ఎవరినీ చూడకుండా.

"జాడీలోనే తడి ఉండిందేమో," అంది అమ్మ, పొయ్యిని చూస్తూ.

అంతే. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. కానీ అమ్మ అన్నది అవ్వకు వినపడలేదు, "ఏమంటా ఉండాదిరా?" అని నన్ను అడిగింది. నేను, "మీ ఊరోళ్ళకు జాడీ కడిగేది రాదంట అవ్వా," అన్నాను. అటుపోయి అమ్మకు, "నీకు వంటిల్లే చేతగాదంట," అన్నాను. ఎందుకన్నానో నాకూ తెలియదు. మాట చేతిలో పడితే ఊరికే ఉండలేను, అది నా జబ్బు.

ఆ రోజు నుంచి ఇద్దరి మధ్య మాట ఆగిపోయింది. ఇంట్లో వింత భాష ఒకటి పుట్టింది. "కాఫీ పెట్టినాను, తాగొచ్చు," అనేది అమ్మ, స్తంభంతో చెప్పినట్టు. "తాగేవాళ్ళు తాగుతారు," అనేది అవ్వ, పెరటి గోడతో. పిలుపు లేదు, సంబోధన లేదు. అంతకు మించిన సంగతి ఏదైనా ఉంటే నా మీదుగానే పోవాలి. "మీ అమ్మకు చెప్పు", "మీ అవ్వనడుగు". ఇంట్లో అంత గిరాకీ ఉన్న మనిషిని నేనొక్కణ్ణే. ఒకటి ఇస్తే రెండు చేర్చి అందించేవాణ్ణి.

"పెండ్లయి పదేండ్లయింది," అని అవ్వ నాతో గొణిగేది. "ఒక్క తూరన్నా అత్తా అని నోరారా పిల్చిందా? నెల చూస్తా. ఇంగ బస్సెక్కతా. తోటలో గుడిసె ఉండాది, కుక్క ఉండాది. అదన్నా నా మొగం చూసి తోక ఊపతాది."

ఊరికే అనడం కాదు. రేకు పెట్టెలో బట్టలు మడిచే ఉండేవి. నాయన రాత్రిళ్ళు అటూ ఇటూ దొర్లేవాడు. గుత్త తీసుకున్నవాడి లారీలూ మనుషులూ తిరిగే తోటలో డెబ్బై ఏళ్ళ మనిషి ఒక్కతే ఉండడం ఎట్లా? ఇక నా బాధ నాది. నాయన బెత్తం తీస్తే అడ్డం వచ్చేది అవ్వే. అదీగాక, నేను చెప్పిందల్లా నోరు తెరుచుకుని విన్న మనిషి ఆమెకు ముందు ఎవరూ లేరు.

ఒక మధ్యాహ్నం అవ్వ పెరట్లో గోడకు ఆనుకుని, ఒరుగులకు మామిడికాయలు కోస్తోంది. ముక్కలకు ఉప్పు రాసి, పాత చీర మీద పరిచి ఎండబెట్టేది. అటువైపు మ్యాట్నీ మొదలైంది. కాసేపటికి గోడలోంచి ఆడపిల్ల గొంతు, తేనె కారినట్టు:

"అత్తాన్!"

గోడ ఆ చివరి పొల్లును మింగేసింది. మాకు వినపడింది "అత్తా" మాత్రమే.

అవ్వ కత్తిపీట మీద చేయి ఆపింది. "రేయ్ అబ్బోడా, ఎవురురా ఆ పిల్ల? ఎంత ముద్దుగా పిలుస్తా ఉండాదో చూడు."

అరవంలో అత్తాన్ అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. చెప్పి ఉంటే ఈ కథే లేదు. "కోడలవ్వా. కొత్త కోడలు," అన్నాను.

మళ్ళీ పిలుపు. మగగొంతు ఏదో పలికింది.

"అత్తను పిలిస్తే కొడుకు పలుకుతాడేమిరా? ఆ యమ్మ పలకదా?"

"చెవుడవ్వా."

"అయ్యో పాపం."

"సొల్లుంగ అత్తాన్, సొల్లుంగ!" అంది గోడ.

అవ్వకు కోపం వచ్చింది. "సొల్లంటాదేమి? అత్త మాట సొల్లా?"

"కాదవ్వా, అరవంలో సొల్లు అంటే చెప్పమని. చెప్పత్తా, చెప్పత్తా అని బతిమాలతా ఉండాది." ఆ పూట నేను చెప్పినదాంట్లో సగం నిజం ఉన్న మాట అదొక్కటే.

ఆ సినిమా బాగా ఆడింది. రోజూ మ్యాట్నీ వేళకు అవ్వ ఏదో ఒక పని పట్టుకుని గోడ దగ్గరకు చేరేది. ఆ కోడలికి నేను ఒక పేదింటి పుట్టిల్లు ఇచ్చాను, అత్తకు వెండి చేతికర్ర ఇచ్చాను, ఒక గుర్రపు బండి కూడా ఇచ్చినట్టు గుర్తు. అవ్వకు అవేవీ పట్టలేదు. ఆమెకు కావలసింది ఒకటే.

"ఈపొద్దన్నా పలికిందా?"

"లేదవ్వా."

పది రోజులు పోయాక ఒకనాడు చాట కింద పెట్టి అంది: "చెవుడంటివి. చెవుడైతే మాత్రం మొగం చూస్తే తెలీదా, పిల్ల పిలుస్తా ఉండాదని? అది చెవుడు కాదురా, పొగరు. ఆ ముసిల్ది నోరు తెరిచి ఊఁ అంటే ఏం పోతాది?"

వంటింట్లో రోటి చప్పుడు టక్కున ఆగింది. మళ్ళీ మొదలవడానికి చాలాసేపు పట్టింది.

ఆ సాయంత్రం కొళాయి దగ్గర అమ్మ నా చెవి పట్టుకుంది. అమ్మ పుట్టింది, పెరిగింది గనుల్లోనే, అరవం ఆమెకు నీళ్ళు తాగినట్టు. "ఏమిరా, అత్తాన్ అంటే ఏమో నీకు తెలీదా?"

"తెలుసమ్మా."

"మరి అవ్వకు ఏం కథలు చెప్తా ఉండావు?"

"నిజం చెప్పేస్తానమ్మా, ఇప్పుడే పోయి."

అమ్మ చెవి వదిలింది. బిందె నిండి పొంగుతోంది, చూసుకోలేదు. "వద్దులే," అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆ కొంగు వెనక నవ్వుందో, ఇంకేముందో నాకు కనపడలేదు.

రెండు రోజులకు అమ్మ అచ్చం సినిమా అమ్మాయిలాగే రాగం తీసి "అత్తా" అని అవ్వను పిలిచిందని చుట్టాలందరికీ చెబుతుంటాను. రాగం లేదు, ఏమీ లేదు. ఒక మేక వచ్చింది. పెరటి తలుపు తోసుకుని వచ్చి ఒరుగుల చీరలో మూతి పెట్టింది. అవ్వ అటు తిరిగి కునుకు తీస్తోంది. అమ్మ వంటింటి కిటికీలోంచి చూసి కేకేసింది:

"అత్తా! మేక!"

"ఆఁ!" అంది అవ్వ, కళ్ళు తెరవకముందే.

మేక పారిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, తప్పు చేసినవాళ్ళలా మొహాలు తిప్పుకున్నారు. కానీ మరుసటి పొద్దున కాఫీ వేళకు అమ్మ వంటింట్లోంచి "అత్తా," అంది, అంతే. అవ్వ "ఆఁ," అంది, అంతే. మిగతా సంగతులన్నీ ఇంకా నా మీదుగానే నడిచేవి. అయినా ఆ ఒక్క పిలుపు, ఆ ఒక్క పలుకు రోజుకు రెండు మూడుసార్లు ఇంట్లో వినపడసాగాయి. నాయన దొర్లడం తగ్గింది. ఇంట్లో ఆ కాస్త ప్రశాంతత ఏ అబద్ధం మీద నిలబడి ఉందో తెలిసింది నాకూ అమ్మకూ మాత్రమే.

అప్పుడు అవ్వ అంది: "ఆ సినిమా నేను చూడాల."

అమ్మ చేతిలో అప్పడాల కర్ర ఆగింది. "ఎండ ఎక్కువగా ఉండాదని చెప్పరా. హాలంతా నల్లులని చెప్పు," అంది నాతో.

"నల్లి కుడితే నన్ను కుడతాదని చెప్పరా. కోడలు అంతగా పిలుస్తా ఉంటే పలకని మొగం ఎట్లుంటాదో ఒక్క తూరి చూడాల. శుక్రవారం సినిమా మారతాదంట. రేపే పోదాం."

అడిగింది కన్నతల్లి కాబట్టి నాయన కాదనలేకపోయాడు. మరుసటి రోజు అవ్వ పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుంది. బయలుదేరేటప్పుడు అమ్మ నన్ను తలుపు వెనక్కు లాగింది. "ఏం చేస్తావో చెయ్యి. తెర మీద ఒక అత్తను పుట్టించుకో పో," అంది. నవ్వుతూ అనలేదు. "ఆ యమ్మ మళ్ళీ పెట్టె తీసిందంటే తప్పు నీది గాదు, నాది. తెలిసీ నోరు మూసుకునింది నేను."

ఆడవాళ్ళ వైపు బెంచీ మీద అవ్వ పక్కన కూర్చున్నాను. నా జీవితంలో చూస్తున్న మొదటి సినిమా అది. ఆ సంగతి అవ్వకు కూడా తెలియదు. ఇంత పెద్ద కథలో ఎక్కడో ఒక ముసలామె ఉండకపోతుందా, ఆమెను చూపించి గండం గట్టెక్కుదామని నా ఆశ. దీపాలు ఆరాయి. మొదటి రీలులోనే హీరో వాళ్ళమ్మ పటానికి దండ వేసి దణ్ణం పెట్టుకున్నాడు.

"ఆ యమ్మెవురురా?"

"అత్తవ్వా," అన్నాను.

"చచ్చిపోయిందా! మరి ఆ పిల్ల పిలిచేది ఎవురిని?"

ఆ పిల్ల కిటికీలోకి వచ్చింది. "అత్తాన్!" అని పిలిచింది. మీసాలవాడు సైకిలు దిగి పరుగెత్తుకొచ్చాడు. అవ్వ పక్కన కూర్చున్న గని కూలీ భార్య, మా గుసగుసలు విని, నోట్లో వేరుశెనగ గింజతోనే చెప్పేసింది: "అత్త లేదు, ఏం లేదమ్మా. అత్తాన్ అంటే మొగుడు."

అవ్వ చీకట్లో నా వైపు తిరిగింది.

సరిగ్గా అప్పుడు నేల కదిలింది. లోపల ఎక్కడో బండ పగిలింది. బెంచీలు ఊగాయి, బొమ్మ ఆగింది, హాలంతా నిశ్శబ్దం. అవ్వ నా చేయి పట్టుకుని లేచింది. "ఇంట్లో అది ఒక్కతే ఉండాదిరా!" అని జనాన్ని తోసుకుంటూ వీధిలోకి పరుగెత్తింది. ఎదురుగా అమ్మ, జుట్టు విడిపోయి, కాళ్ళకు చెప్పులు లేకుండా, "అత్తా! అత్తా!" అని అరుస్తూ టాకీసు వైపు పరుగెత్తుకొస్తోంది. "ఈడనే ఉండానే తల్లీ!" అంది అవ్వ. నడివీధిలో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. బజ్జీల అంగడివాడు కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

ఇది మా ఇంటి పెళ్ళిళ్ళలో యాభైసార్లు చెప్పాను. విన్నవాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు.

ఆ రోజు నేల కదల్లేదు.

అవ్వ సినిమా చివరిదాకా చూసింది. కదలకుండా, వేరుశెనక్కాయల మూట విప్పకుండా చూసింది. ఇంటికి నడుస్తూ నేను ఆగకుండా వాగాను. ఇది వేరే సినిమా అన్నాను, అత్త ఉన్న రీలు తెగిపోయిందన్నాను, ఆపరేటరు నాకు తెలుసన్నాను. అవ్వ కొంగు తల మీదికి లాక్కుని ముందు నడిచింది. నాకు ఏడుపొచ్చింది, అదీ ఆమె చూడలేదు.

అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. మా అడుగుల చప్పుడు విని కూడా తల తిప్పలేదు. పిలవడానికి ధైర్యం చాలలేదు. "ముద్ద అయింది. తినొచ్చు," అంది, మళ్ళీ పాత పద్ధతిలో, పొయ్యితో.

అవ్వ కాళ్ళు కడుక్కుంది. నేను నడిమధ్య నిలబడ్డాను, మొదటి మాట ఎవరు నా చేతికిస్తారా అని. అవ్వ వచ్చి కంచం ముందు కూర్చుంది. రాగి ముద్ద తుంచి, పులుసులో అద్ది మింగింది.

"మేయ్," అంది. నన్ను కాదు. "పులుసులో ఉప్పు చాలలేదే."

అమ్మ మెల్లగా ఇటు తిరిగింది. "నిన్న ఎక్కువైందంటివి కదత్తా."

"నిన్న మాట నిన్న." ఇంకో ముద్ద తుంచింది. "ఆ సినిమాలో అత్తే లేదు."

"తెలుసత్తా."

"తెలిసీ చెప్పలేదా నాకు?"

"చెప్పుంటే నువ్వు పలికేదానివా?"

అవ్వ కంచంలో మిగిలిన పులుసును వేలితో తుడిచింది. అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే చూస్తోంది.

"ఇంగ కొంచెం పులుసు పొయ్యి," అంది అవ్వ.

అమ్మ పోసింది. ఉప్పు డబ్బా కూడా జరిపింది. తర్వాత తోట గుత్త గురించి, గుడిసె పైకప్పు గురించి, సినిమాలో ఆ పిల్ల కట్టుకున్న చీర గురించి మాట్లాడుకున్నారు. అవ్వ ఇక బస్సు మాట ఎత్తలేదు. చనిపోయేదాకా మా ఇంట్లోనే ఉంది. వాళ్ళిద్దరికీ మళ్ళీ గొడవలు రాలేదని కాదు, వారానికొకటి వచ్చేది. కానీ ఎదురెదురుగా నిలబడి పోట్లాడుకునేవాళ్ళు.

నేను మాత్రం ఆ పూట చాలాసేపు వాళ్ళ మధ్యే నిలబడి ఇటూ అటూ చూశాను. ఎవరూ ఏ మాటా చేతికివ్వలేదు. వాళ్ళు కలవాలని ఎంతగానో కోరుకున్నాను, కలిస్తే నా కొలువు పోతుందని ఎవరూ చెప్పలేదు. ఒకరి మాట ఇంకొకరికి పెంచి అందించే పని ఆ సాయంత్రంతో పోయింది. అలవాటు ఎక్కడికి పోతుంది? అప్పటి నుంచి నా మాటలనే పెంచుకుంటూ తిరుగుతున్నాను.